పదిహేడు అంగుళాల గోడ

జనవరి 9

మొదటి ప్లేటు తీశాను. నిజానికి ఫిలిమే. కానీ పద్నాలుగు అంగుళాలు ఇటు, పదిహేడు అంగుళాలు అటు ఉన్నదాన్ని ఫిలిం అంటే దాన్ని చిన్నబుచ్చినట్టుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఎక్స్‌రే గదిలో ఇదే సైజు మీద జనం ఛాతీలు తీశాను. ఆసుపత్రి కంప్యూటర్లకు మారిపోయి మిగిలిన పెట్టెలు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. ఫిలిం చూసే వెలుగు పెట్టె కూడా.

కెమెరా మిల్లీమీటరు చేశాడు. ఎనిమిది నెలలు పట్టింది. అతని సొంత పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. తలుపు చెయ్యమన్నా, బల్ల చెయ్యమన్నా ముందు "ఎన్ని మిల్లీమీటర్లమ్మా?" అంటాడు. ఇరవై రెండు కిలోల చెక్క, ఇత్తడి, తోలు. స్టాండు బరువు వేరే. అది మోసేది మా ఆయన.

"నువ్వు రిటైరయ్యావు, నాకు ఉద్యోగం వచ్చింది. కూలి ఉద్యోగం," అన్నారు మోకాలు పట్టుకుని.

"మీరు మోస్తేనే కదా కళ."

"చిన్న కెమెరాతో తీస్తే గోడ ఒప్పుకోదా?"

ఒప్పుకోదు. మెట్ల వీధి మలుపులో నిలబడితే ఎదురుగా ఓరగా కనిపించే ఆ రాతి గోడ రెండంతస్తుల ఎత్తు. పైన రోడ్డు, కింద అయిదు ఇళ్ళు, వాటిలో ఒకటి మిల్లీమీటరు ఇల్లూ వర్క్‌షాపూ, మధ్యలో అది. మూడేళ్ళ క్రితం పై సగం కొత్తగా కట్టించింది మా తమ్ముడే, పట్టణ ఇంజనీరుగా. నేను దాన్ని మా తమ్ముడి గోడ అనే పిలుస్తాను. నెలకొక ప్లేటు, అదే చోటు, అదే గంట, మొత్తం పన్నెండు. డిసెంబరులో ఒకే వరసలో వేలాడదీస్తామని ఫొటో ప్రదర్శనల హాలు మేనేజరు మాట ఇచ్చాడు.

నల్లగుడ్డ కింద దూరగానే బయటి లోకం ఆగిపోయింది. కెమెరా వెనక గరుకు అద్దం మీద గోడంతా తలకిందులుగా వేలాడుతోంది. నా ముఖానికి జానెడు దూరంలో ప్రతి రాయీ, ప్రతి రాయి మీద నాచూ. పాత అలవాటు కొద్దీ "ఊపిరి బిగబట్టండి" అన్నాను గోడతో. పన్నెండు సెకన్లు.

జనవరి 11

స్నానాల గది కిటికీకి నల్ల అట్ట కొట్టి, ఎర్ర దీపం కింద తొట్టిలో ఊపాను. ఈ ఫిలింకి రెండు వైపులా పూత ఉంటుంది, గోరు తగిలినా గీత పడుతుంది. తొడుగులు వేసుకుంటే చేతికి తెలియడం లేదని తీసేశాను. గోళ్ళు నల్లబడ్డాయి. నడుము విరిగింది.

కానీ బొమ్మ! కాగితాన్ని నెగటివ్‌కి అంటించి అద్దం కింద పెట్టి వెలుగు చూపిస్తే, పెద్దది చెయ్యడాలు లేవు, ఉన్నది ఉన్నట్టు దిగింది. గోడలో నీళ్ళు కారడానికి వదిలిన పన్నెండు గొట్టాలూ లెక్కపెట్టవచ్చు. ప్రతి దాని కిందా తడి చార. మిల్లీమీటరు గుమ్మంలో అతని తల్లి చెప్పులు. భూతద్దం పెడితే వాటి తెగిన పట్టీకి వేసిన పిన్నీసు కూడా.

ఆనందంతో ఏడుపొచ్చింది. రాసుకోవడానికే సిగ్గుగా ఉంది.

ఫిబ్రవరి 8

రెండోది. గాలి. మూడోసారికి కుదిరింది.

మార్చి 8

మూడోది. స్టాండు కాళ్ళకు మెట్ల మీద పెయింటుతో పెట్టిన గుర్తులు చెక్కుచెదరలేదు. చకచకా అయిపోయింది.

మార్చి 10

ఊరికే, సరదాకి, జనవరి నెగటివ్ మీద ఇవాళ్టిది వేసి వెలుగు పెట్టె మీద పెట్టాను. ఎడమ వైపు ఇంటి మూల రెంటిలోనూ ఒకే గీత. కరెంటు స్తంభం ఒకే గీత. గోడ అంచులూ అంతే. నడిమి రాళ్ళకు మాత్రం రెండేసి అంచులున్నాయి.

ఎక్స్‌రే తీసేటప్పుడు పేషెంటు కదిలితే ఇలాగే పడుతుంది.

మార్చి 11

స్టాండు కాలు. అంతే.

మార్చి 15

స్టాండు కాలయితే స్తంభం కూడా కదలాలి. ఫిలిం ముడుచుకుని ఉంటుంది. పాత స్టాకు, గడువు దాటి రెండేళ్ళయింది. మధ్యలో ఒక్కచోటే ముడుచుకోవడం నేను చూడలేదు, కానీ నేను చూడనివి చాలా ఉంటాయి.

మార్చి 19

మిల్లీమీటరు కొత్త ఫిలిం హోల్డరు తెచ్చాడు. మూత జారుస్తుంటే వెన్న మీద కత్తిలా వెళ్తోంది. వారానికోసారి ఏదో వంక పెట్టుకుని వస్తాడు, అరుగు మీద కూర్చుని టీ తాగుతూ చెక్క సంగతులు చెప్తాడు.

"టేకు నమ్మకస్తురాలమ్మా. వానాకాలం ఉబ్బదు, ఎండాకాలం కుంగదు. మామిడి అలా కాదు, మొహం మీద నవ్వుతూనే లోపల మెలి తిరిగిపోతుంది."

"మనుషుల్లో అలాంటివాళ్ళు లేరా?"

"ఉంటారు. వాళ్ళకి రంపం పెట్టలేం కదా."

ఇద్దరం నవ్వుకున్నాం. బొమ్మలు చూపించమన్నాడు. ఇంకా ఆరలేదన్నాను.

ఏప్రిల్ 12

నాలుగోది.

ఏప్రిల్ 15

కడిగి ఆరేసి మూడు రోజులయింది. పెట్టె మీద పెట్టలేదు. ఇల్లు దులుపుకున్నాను.

ఏప్రిల్ 16

పెట్టాను. అంచుల మధ్య ఎడం పెరిగింది. దారపు మందం ఉండేది, ఇప్పుడు అగ్గిపుల్ల మందం.

ఆయన భుజం మీద నుంచి చూసి, "ఇది విరిగిన ఎముక కదూ?" అన్నారు. ముప్ఫై ఏళ్ళు నా పక్కన ఉండి అంతమాత్రం నేర్చుకున్నారు.

"గోడకి ఎముకలేమిటండీ."

"తమ్ముడికి చెప్పావా?"

ఏప్రిల్ 20

తమ్ముడిని పిలిచి చూపించాను. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. జడ వేసుకోవడం మానేసి వాడికి తల దువ్విన రోజులు నాకింకా నిన్నటిలా ఉన్నాయి. వాడు వెలుగు పెట్టె మీదకు వంగి చాలాసేపు చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. గదిలో వేడిగా ఉంది లే.

"అక్కా, ఇది ఫిలిం తప్పు."

"స్తంభం కదల్లేదురా."

"పోనీ, నేను చూసుకుంటాను. నా డిపార్ట్‌మెంటు, నా గోడ. నువ్వు ఇది ఎవరికైనా చూపించావా?"

"మీ బావకి."

"ఇంకెవరికీ వద్దు. ఊరికే గగ్గోలు. ప్రమోషను ఫైలు కదులుతోంది, ఈ మూడు నెలలూ గడిచిపోనీ. నేను చూసుకుంటానన్నాను కదా."

చూసుకుంటానన్నాడు. గుండెల మీద నుంచి బండ దిగినట్టయింది.

మే 3

వాడు మాట నిలబెట్టుకున్నాడు! పొద్దున్నే ఎనిమిది మంది మనుషులు గోడకి కర్రలు కట్టి సిమెంటు పని చేస్తున్నారు. మిల్లీమీటరు తల్లి గుమ్మంలో కూర్చుని వాళ్ళకు మంచినీళ్ళు ఇస్తోంది. "మీ తమ్ముడు బంగారం," అంది నాతో. నాకెంత గర్వమో.

మే 10

అయిదో ప్లేటు. గోడ అందం పోయింది. రాళ్ళ మధ్య సందులన్నీ సిమెంటుతో మెత్తారు, ముసలి ముఖానికి పౌడరు కొట్టినట్టు.

మే 12

కాగితం మీద భూతద్దం పెట్టి చూశాను. పన్నెండు గొట్టాల్లో మూడే కనిపిస్తున్నాయి. తొమ్మిదింటి మీద సిమెంటు.

ఫోను చేశాను.

"నీళ్ళ మరకలు అసహ్యంగా ఉన్నాయని వాళ్ళే మూసినట్టున్నారక్కా. చెప్తాలే, తెరిపిస్తారు."

"వానల లోపల?"

"అక్కా, ఎక్స్‌రేలు నీవి, గోడలు నావి."

నవ్వాడు. నేనూ నవ్వాను.

మే 27

గొట్టాలు తెరవలేదు. పనిలో ఉంటాడు.

మిల్లీమీటరు వచ్చాడు. కెమెరా మడతల తోలు దగ్గర వెలుగు జొరబడుతోందని చెప్తే అరగంటలో కనిపెట్టి అతికాడు. తరవాతి కెమెరా ఇంకా పెద్దది చేద్దామా అన్నాడు. "ఇరవై, ఇరవై నాలుగు అంగుళాలు. ఇంటి తలుపంత. సారుగారికి చెప్పకండి, ఇల్లు వదిలి పోతారు." తేలికైన చెక్క ఏదో సాయంత్రం దాకా మాట్లాడుకున్నాం. వెళ్తూ, "తలుపు పట్టేస్తోందమ్మా, మా వర్క్‌షాపు తలుపు. చిత్రిక పట్టినా మళ్ళీ పట్టేస్తోంది. నేల కుంగిందో ఏమో," అన్నాడు.

నేను తేమ అన్నాను.

మే నెలలో తేమేమిటి?

జూన్ 14

నాలుగు రోజులుగా వాన. ఇవాళ గంటసేపు తెరిపి ఇస్తే ఆరోది తీశాను. ప్రతి వానకీ ఈ గోడ గొట్టాల నిండా నీళ్ళు కక్కేది. ఇవాళ ఎండు మొహంతో ఉంది. నాలుగు రోజుల నీళ్ళు ఎక్కడికి పోయినట్టు?

జూన్ 17

జనవరిది, జూన్‌ది. ఇక ఒక అగ్గిపుల్ల కాదు, రెండు.

ఆయన చూశారు. భోజనం దగ్గర కంచంలో చెయ్యి ఆపి, "మనం చెప్పాల్సింది నీ తమ్ముడికి కాదేమో," అన్నారు.

"ఇంకెవరికి?"

"కింద ఉన్నవాళ్ళకి."

నాకు కోపం వచ్చింది. వాడి ఉద్యోగం పోతుంది, జైలు కూడా కావచ్చు, మీ తమ్ముడయితే ఇలాగే అంటారా అని అరిచాను. ఆయన కంచం తీసుకెళ్ళి కడుక్కున్నారు.

జూన్ 25

వాడు ఫోను ఎత్తడం లేదు.

జూన్ 28

వాన.

జూలై 2

మిల్లీమీటరుని పిలిచి చూపించేశాను.

తమ్ముడి డిపార్ట్‌మెంటు, నా ప్రదర్శన, ఏదీ గుర్తురాలేదు. పొద్దున అతని తల్లి పిన్నీసు చెప్పులతో మెట్లెక్కి వస్తుంటే చూశాను, అంతే.

అతను జేబులోంచి స్కేలు తీశాడు. రెండు ఫిలింల మీదకు వంగి, ఊపిరి కూడా తీసుకోకుండా మూడు చోట్ల కొలిచాడు. కెమెరా చేసినవాడు, దాని లెక్కలు నాకంటే బాగా తెలుసు.

"మూడున్నర. ఇక్కడ ఒక మిల్లీమీటరంటే అక్కడ నాలుగు సెంటీమీటర్లు. పద్నాలుగు సెంటీమీటర్లు ముందుకొచ్చిందమ్మా గోడ." గొంతు మామూలుగానే ఉంది. "ఇవి ఏ నెలవి?"

"ఇది జూన్‌ది."

"అది?"

అది జనవరిది. జనవరి అంటే, మార్చికే తేడా కనిపించి ఉంటుంది కదా, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతాడు.

"ఏప్రిల్‌ది," అన్నాను.

"రెండు నెలల్లోనా!" చప్పున లేచి నిలబడ్డాడు. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నాడు. "ఈ పరుగు చూస్తే వారం కూడా ఆగదమ్మా. శనివారం లోపల పడిపోతుంది." టీ కప్పు కింద పెట్టడం కూడా మరిచిపోయి, చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయాడు.

నెల మారిస్తే ఏమవుతుంది? ఖాళీ చెయ్యమని తొందర పెట్టడమే కదా. మంచికే.

జూలై 4

అయిదు ఇళ్ళూ ఖాళీ. అతను ఇంటింటికీ తిరిగి, స్కేలు చూపించి, దండం పెట్టి అందర్నీ పంపాడు. అందరూ చుట్టాల ఇళ్ళకు చేరారు. అతనూ, తల్లీ మా ఇంట్లో, ముందు గదిలో. ఆఫీసులో అర్జీ ఇచ్చి వచ్చాడు. తమ్ముడి కింద గుమాస్తా తీసుకున్నాడట.

సాయంత్రం తమ్ముడు ఫోను చేశాడు. ఇన్నాళ్ళకి.

"నన్ను బతకనివ్వవా అక్కా?"

జూలై 8

శనివారం వెళ్ళిపోయింది. గోడ నిలబడే ఉంది. మధ్యాహ్నం ఎండ కూడా వచ్చింది.

జూలై 10

రెండో ఇంటివాళ్ళు తిరిగి వెళ్ళారు. నాలుగో ఇంటివాళ్ళు కూడా. ఆ ఇంటాయన మా అరుగు ముందు నిలబడి, "ఏం మిల్లీమీటరూ, నీ స్కేలుకి గడువు తీరిందా?" అని అందరూ వినేలా అన్నాడు. నవ్వులు. మిల్లీమీటరు కూడా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి.

తరవాత నా దగ్గరికి వచ్చాడు.

"నా లెక్క ఎక్కడ తప్పిందో తెలియడం లేదమ్మా. కొలత సరిగ్గానే ఉంది. రెండు నెలల్లో మూడున్నర వచ్చినప్పుడు, ఈ ఎనిమిది రోజుల్లో ఇంకో అర అయినా రావాలి. బయట దారం కట్టి చూస్తే ఆ లెక్కన పావు కూడా లేదు. ఆగిపోయిందేమో."

ఆగలేదు. అయిదు నెలల నడకని నేను రెండు నెలల పరుగు చేసి చెప్పాను. అది ఎప్పుడూ పరిగెత్తలేదు, దాని నడక అది నడుస్తోంది.

చెప్పడానికి నోరు తెరిచాను. అతని తల్లి టీ తెచ్చింది.

జూలై 12

ఎల్లుండికి కిటికీలు ఇస్తానని ఎవరికో మాట ఇచ్చాడట. రేపు వర్క్‌షాపుకి వెళ్తానంటున్నాడు. తల్లి మాత్రం ఇక్కడే ఉంటుంది. "పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేస్తా. పనిముట్లన్నీ అక్కడే ఉన్నాయమ్మా."

రేపే ఏడో ప్లేటు తీస్తాను. అందులో నిజం తేలిపోతుంది. అప్పుడు అన్నీ ఒకేసారి చెప్పేస్తాను.

జూలై 13

రాయాలి.

పొద్దున తొమ్మిదికి అతను బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళాను. "తొందరగా రా," అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను.

పదిన్నరకు మెట్ల మలుపులో కెమెరా పెట్టాం. ఆయన గొడుగు పట్టుకున్నారు, సన్న తుంపర. గుడ్డ కింద దూరాను. గరుకు అద్దం మీద వీధంతా తలకిందులు. పై మూలలో మిల్లీమీటరు గుమ్మం. వాన మబ్బుకి వెలుగు చాలక బల్ల గుమ్మంలోకి లాక్కుని చిత్రిక పడుతున్నాడు. నా చిటికెన వేలంత మనిషి. చెయ్యి ముందుకీ వెనక్కీ. భూతద్దం తీసి అతని మీద పెట్టాను. రేఖ స్పష్టంగా రావడం కోసం.

అప్పుడు రాళ్ళు పైకి లేచాయి.

అద్దం మీద అంతా తలకిందులు కదా. గోడ నడిమి భాగం మెల్లగా ఉబ్బి, రాళ్ళు ఒకదాని వెనక ఒకటి పైకి తేలుతున్నాయి, గుమ్మం వైపు. ఎంత నెమ్మదిగా వెళ్ళాయో. అందంగా ఉందనుకున్నాను. నిజంగా అనుకున్నాను, ఒక్క క్షణం. తరవాత చప్పుడు వచ్చింది.

గుడ్డ తీసేసరికి అక్కడ గుమ్మం లేదు.

జూలై 14

నిన్న సాయంత్రం నాలుగింటికి అతన్ని రాళ్ళ కింద నుంచి తీశారు. రెండో ఇంట్లో ఇద్దరికి దెబ్బలు, బతికారు. పోయింది అతనొక్కడే.

జూలై 15



జూలై 18

తమ్ముడు వచ్చాడు. గడ్డం పెరిగింది. చెప్పులు విప్పకుండా లోపలికి వచ్చాడు.

"విచారణ వేశారు. పై నుంచి ఒకావిడ వస్తోంది. ఫొటోల సంగతి ఆవిడ చెవిన పడింది." నా ముందు నేల మీద కూర్చున్నాడు, చిన్నప్పటిలా. "అక్కా, మొదటి నాలుగూ నాకిచ్చెయ్. మే నుంచి ఉన్నవి చాలు. ఎవరికీ ముందు తెలియదు, వానలకి పడింది. ఇది నాకోసం మాత్రమే కాదు. నీకెప్పుడు తెలుసని నిన్ను కూడా అడుగుతారు. ఏం చెప్తావ్?"

ముందు గదిలో మిల్లీమీటరు తల్లి ఉంది. తలుపు వేసి లేదు. మెల్లగా మాట్లాడమని సైగ చేశాను. అలా సైగ చేసినందుకు నా చెయ్యి నాకే పరాయిదనిపించింది.

"ఆలోచించుకోనీ," అన్నాను.

జూలై 19

తొట్టిలో నీళ్ళు పోశాను. నెగటివ్ మీద పూత వేడి నీళ్ళలో కరిగిపోతుంది. పది నిమిషాలు చాలు. జనవరిదాన్ని చేతుల్లో పట్టుకుని తొట్టి పక్కన స్టూలు మీద కూర్చున్నాను. అతని గుమ్మం, పన్నెండు గొట్టాలు, తడి చారలు.

నీళ్ళు చల్లారిపోయాయి. పారబోశాను.

జూలై 24

విచారణాధికారిణి ముందు ఆరూ పెట్టాను. మా ఆయన పెట్టె మోసుకొచ్చారు. నెలలూ తేదీలూ నేనే చెప్పాను. వాటి కోసం తెచ్చిన వెలుగు పెట్టె మీద జనవరి, మార్చి ఒకదాని మీద ఒకటి వేసి చూపించాను.

"మీరు దీన్ని మొదట ఎప్పుడు గమనించారు?"

"మార్చి పది."

"అప్పటి నుంచి ఎవరికి చెప్పారు?"

"ఏప్రిల్‌లో మా తమ్ముడికి. జూలైలో చనిపోయిన అతనికి. అతనికి తేదీ అబద్ధం చెప్పాను."

ఆవిడ పెన్ను ఆపి నా వంక చూసింది. బల్లకి అటు పక్క తమ్ముడు కళ్ళు మూసుకున్నాడు. బయటికి వచ్చాక వాడు నా పక్క నుంచే వెళ్ళాడు, అపరిచితురాలి పక్క నుంచి వెళ్ళినట్టు. నేను పెంచిన వాడు.

జూలై 25

ఆఫీసులో అందరికీ చెప్పాను. ఇంట్లో మిల్లీమీటరు తల్లికి చెప్పలేదు. పేపర్లో రాకముందే చెప్పాలి.

జూలై 26

ఉదయం ఆవిడ అరుగు మీద కూర్చుని ఉంది. కొడుకు కూర్చునే చోటే. పక్కన కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా కూడబలుక్కున్నవన్నీ పోయాయి.

"గోడ కదులుతోందని నాకు మార్చిలోనే తెలుసు," అన్నాను.

ఆవిడకు కొంచెం చెవుడు. వినలేదేమోననుకుని మళ్ళీ చెప్పబోతుంటే చెయ్యెత్తి ఆపింది.

"వాడికి ఎప్పుడు చెప్పావు?"

"జూలైలో. అప్పుడు కూడా నెల తప్పు చెప్పాను. అందుకే వాడి లెక్క తప్పింది. వాడి తప్పు ఏమీ లేదు."

ఆవిడ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. మార్చి, ఏప్రిల్, మే, జూన్. నాలుగు వేళ్ళ దగ్గర ఆగి, ఆ చేతిని అలాగే ఒళ్ళో పెట్టుకుంది.

"ఈ నాలుగు నెలలూ వారం తప్పకుండా వచ్చేవాడు కదమ్మా నీ దగ్గరికి," అంది. "గంటలు గంటలు కూర్చునేవాడు. అంతసేపు ఏం మాట్లాడుకునేవాళ్ళు?"

నిజంగానే అడిగింది. తెలుసుకోవాలని అడిగింది.

"చెక్క గురించి," అన్నాను.